చెంపలో నవ్వు

"సిగ్గు లేదటయ్యా నీకు? ఆ లక్క కింద పెట్టు!"

సోమలింగాచారి గారు గొంతు పెంచి మాట్లాడే మనిషి కారు. శిష్యుడు తప్పు చేస్తే పనిముట్టు అందుకుని, తానే చేసి చూపించి, మళ్లీ వాడి చేతికిచ్చి వెళ్లిపోయేవారు. అలాంటి మనిషి నోట ఆ కేక వినేసరికి పోతశాలలో అందరి చేతులూ ఆగిపోయాయి. నేను ఒక గుడిగంటకు ఆకురాయి పడుతున్నాను. ఆకురాయి గంట మీదే ఉండిపోయింది.

వంశధార ఒడ్డున మేలుపాకలో ఉండేది ఆ పోతశాల. ఇప్పుడు అక్కడ సిమెంటు బస్తాలు పెట్టుకుంటున్నారు. ఆ రోజుల్లో పొద్దున్నే లోపల అడుగుపెడితే తేనెమైనం, గుగ్గిలం కలిసి కాగుతున్న వాసన ఎదురొచ్చేది. గోడవారన మట్టి ముద్దలు ఆరుతూ ఉండేవి. వాటి కడుపులో దేవతలు ఉండేవారు. ఆ ముద్దల దగ్గర గట్టిగా తుమ్మడానికి కూడా భయపడేవాళ్లం. ఆ వాసన నాకు మళ్లీ ఎక్కడా తగల్లేదు. ఈ కాలపు కార్ఖానాల్లో రబ్బరు అచ్చు పెట్టి ఒకే ముఖాన్ని కావలసినన్ని తీస్తున్నారు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయని మెచ్చుకుంటున్నారు కూడా. నేను చూసి ఇంటికొచ్చేస్తాను.

ఆ రోజు చివాట్లు తిన్నవాడు అప్పలాచారి. ఇద్దరు పిల్లల తండ్రి. మా అందరిలోకీ మంచి చెయ్యి. దీపం పట్టుకుని నిలబడ్డ ఆడపిల్ల బొమ్మ పోతపోశాడు. ఎవరో వెనకనుంచి పేరు పెట్టి పిలిస్తే తిరగబోతున్నట్టు, ఆ పిల్ల ముఖంలో ఒక చూపు పడింది. మట్టి పగలగొట్టినప్పుడు మేమందరం పని మానుకుని వచ్చి చూశాం. తీరా కడిగాక చెవి వెనక, జడ కింద, శనగగింజ పట్టేంత గుంట కనిపించింది. లోహం అందని చోటు అది. అప్పలాచారి ఎవరితోనూ చెప్పలేదు. మూలన కూర్చుని ఇనుప గరిటెలో లక్క, గుగ్గిలం కరిగించి, అందులో రాగిపొడి కలుపుతున్నాడు. అది నింపి నునుపు చేస్తే ఏది లోహమో ఏది లక్కో పోసినవాడు కూడా చెప్పలేడు.

ఆ ఇంటి కట్టుబాటు ఏమిటో చెప్పాలి. బొమ్మను ముందు మైనంతో చేతుల్తో చేస్తారు. దానిమీద మెత్తటి ఒండ్రుమట్టి, ఆ పైన గట్టి మట్టి పూసి ఆరబెడతారు. కాలిస్తే మైనం కరిగి కారిపోతుంది. అది ఖాళీ చేసిన చోటులోకి కరిగిన లోహం పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడతారు. మైనమూ పోయింది, మట్టీ పోయింది, బొమ్మ ఒక్కటే మిగిలింది. ఆ బొమ్మలో తప్పు కనిపిస్తే, చేసినవాడే, ఆ రోజే, దాన్ని సుత్తితో కొట్టి ముక్కలు మూసలో వేసి కరిగించాలి. మళ్లీ మైనం ముట్టుకోవాలి. సోమలింగాచారి గారి గురువు పెద్దాచారి గారు పెట్టిన కట్టుబాటు అది. తప్పు మనిషిలో ఉంటే మనిషితో పోతుందనీ, లోహంలో ఉంటే మనవల కాలానికి కూడా ఉంటుందనీ ఆయన అనేవారట.

అప్పలాచారి గరిటె దించాడు గానీ తల దించలేదు.

"తప్పేనండి. కానీ ఒక్కమాట చెప్పండి గురువుగారూ. గుంట జడ కింద ఉంది. కొన్నవాడు చూడడు, దణ్ణం పెట్టినవాడు చూడడు. దీన్ని కరిగించేస్తే ఈ ముఖం మళ్లీ నా చేతికొస్తుందని మీరు పూచీ పడతారా? ఎవరికీ కనపడని గుంట కోసం అందరికీ కనపడే ముఖాన్ని నా చేత్తో చంపుకోవాలా?"

తిత్తి దగ్గరున్న ముసలి కామయ్య, "మాట గట్టిదే," అని గొణిగాడు. నిజం చెప్పాలంటే మా అందరికీ అలాగే అనిపించింది. ఆ ముఖం అంత బాగుంది.

సోమలింగాచారి గారు వాదించలేదు. పీట లాక్కుని ఆ బొమ్మ ఎదుట కూర్చున్నారు. "నూకాచారిని మీరెవరూ ఎరగరు," అన్నారు. తరవాత ఆయన చెప్పింది ఇది.

నూకాచారీ, సోమలింగాచారి గారూ పెద్దాచారి గారి దగ్గర ఒకే ఆకులో తిని పెరిగిన శిష్యులు. సోమలింగాచారి గారిది కష్టపడి నేర్చుకున్న చెయ్యి. నూకాచారిది పుట్టుకతో వచ్చిన చెయ్యి. మైనం వాడి వేళ్ల మధ్యకు వెళ్తే తనంతట తానే ముఖమయ్యేది. ఒక ఏడు సముద్రపు ఒడ్డున ఉన్న గవ్వలపేట నుంచి జాలరి పెద్ద ఎల్లాజీ వచ్చాడు. గంగమ్మ తల్లికి ఊరేగింపు విగ్రహం కావాలన్నాడు. ముఖం ఎలా ఉండాలని పెద్దాచారి గారు అడిగారు.

"ఏటకెళ్లినోడు తిరిగొస్తంటే ఒడ్డు మీద నిలబడి సూస్తాది గదా బాబూ ఆడది, అలాగుండాల మా అమ్మ," అన్నాడు ఎల్లాజీ. "పెద్ద పెద్ద కళ్లూ, బయటికొచ్చిన నాలికా మాకొద్దు. సముద్రమే మమ్మల్ని సాలినంత భయపెడతాది."

ఆ పని గురువు నూకాచారికిచ్చారు. నూకాచారి మైనం ముట్టుకోకుండా గవ్వలపేట వెళ్లి ఒడ్డున కూర్చున్నాడు. తెప్పలు తిరిగొచ్చే వేళకు ఆడవాళ్లు వచ్చి నిలబడేవారు. వాళ్లలో కొర్లమ్మ అని ఒకామె. ఒక్కగానొక్క కొడుకు వేటకెళ్తాడు. అందరూ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసేవారు, కేకలు పెట్టేవారు. కొర్లమ్మ ఉలకదు పలకదు. కొడుకు తెప్ప కనపడినా ఆమె పెదవులు కదిలేవి కావు. కంటి కింద చెంప మాత్రం కొంచెం పైకి లేచేది. అంతే. వెంటనే గంప ఎత్తుకుని తిట్టుకుంటూ నీళ్లలోకి దిగేది. "ఇంత పొద్దెక్కేదాకా ఏటి సేస్తన్నావురా, సేపలకి పెళ్లి సేస్తన్నావా?" అనేది.

నూకాచారి పరుగెత్తుకుంటూ మేలుపాక వచ్చి, "ఒరే సోమూ, నవ్వు పెదవుల్లో ఉండదురా. చెంపలో ఉంటుంది!" అన్నాడు. ఆ వానాకాలమంతా ఆ చెంప మీదే పని చేశాడు. మైనం పెట్టేవాడు, తీసేవాడు. చివరికి ఒక పొద్దున పెద్దాచారి గారు ఆ మైనపు ముఖం ముందు ఆగి, కండువాతో కళ్లు తుడుచుకుని వెళ్లిపోయారు. ఆయన మెచ్చుకోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

మట్టి పూసేముందు మైనానికి ఊపిర్లు పెట్టాలి. ఊపిరంటే సన్నటి మైనపు పుల్ల. అది కరిగిపోయాక మట్టిలో దారి మిగులుతుంది. లోహం లోపలికి వస్తుంటే గాలి ఆ దారిన బయటికి పోతుంది. గాలికి దారి లేని చోట లోహం చేరదు. పెద్దాచారి గారు వచ్చి చూసి, "ఎడమ చెంప మీద ఒక ఊపిరి పెట్టు. అక్కడ గాలి నిలుస్తుంది," అన్నారు. ఊపిరి పెట్టిన చోట పోత తరవాత లోహపు మొటిమ మిగులుతుంది. దాన్ని కోసి ఆకురాయి పట్టాలి. ఆకురాయి ఒక్కసారి ఎక్కువ తగిలితే ఆ నవ్వు పోతుంది. నూకాచారి గురువు ఎదుట ఊపిరి పెట్టాడు. ఆయన అటు తిరిగాక గిల్లి పారేశాడు.

పోత పోశారు. మట్టి పగిలింది. తల్లి నవ్వుతూ బయటికొచ్చింది. ఎడమ కంటి కింద మాత్రం చింతగింజంత గుంట ఉంది.

గురువు అప్పటికి వేరే ఊళ్లో గుడి కొలతలకు వెళ్లారు. సోమలింగాచారి గారు ఏటి ఒడ్డుకు మట్టి కోసం వెళ్లారు. నూకాచారి సుత్తి తీసుకున్నాడట. ఎత్తాడట. ఆ చెంప చూసి దించేశాడట. ఇంత నవ్వు నా చేతికి మళ్లీ వస్తుందా, అని వాడికీ అదే దిగులు. లక్క కరిగించాడు.

ఉత్సవం చైత్రంలో. మిట్టమధ్యాహ్నం, కాలిపోతున్న ఇసకలో, పల్లకీ మీద తల్లిని సముద్రం దగ్గరకు తెచ్చారు. ఇంటికొకరు చొప్పున కర్పూరం వెలిగించి ముఖం దగ్గర తిప్పారు. లోహం వేడెక్కింది. ఎడమ కంటి కింద లక్క మెత్తబడి, ఒక ఎర్రటి చుక్కయి, చెంప మీదుగా జారింది.

అంతకుముందు వానల్లోనే కొర్లమ్మ కొడుకు వేటకెళ్లి తిరిగి రాలేదు. ఆమె జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, పైట చెంగుతో ఆ చుక్క తుడిచింది. "నీకు తెలిసిందా తల్లీ? నువ్వైనా ఏడిసినావా?" అంది. దాంతో ఒడ్డంతా ఘొల్లుమంది. గవ్వలపేటలో తెప్ప పోని ఇల్లు లేదు.

ఆ గుంపులో నూకాచారి నిలబడి ఉన్నాడు. ఆ రోజు వాడేం చెప్పగలడు?

మర్నాడు గురువు కాళ్ల మీద పడి అంతా చెప్పాడు. పెద్దాచారి గారు కాళ్లు వెనక్కి తీసుకున్నారు. "నా కాళ్లతో నీకేం పని? వెళ్లి, ఆ విగ్రహం తెచ్చి కరిగించు," అన్నారు. నూకాచారి గవ్వలపేట వెళ్లి, చిన్న లోపముంది, మళ్లీ పోసి ఇస్తానన్నాడు. ఎల్లాజీ తెల్లబోయాడు. "ఏడిసే తల్లిని మూసలో ఏస్తావా? నీ పిల్లలు సల్లగా ఉండొద్దా?" అన్నాడు.

మరుసటి ఏడు నూకాచారి గుంటలో లక్క పెట్టలేదు. తల్లి ఏడవలేదు. ఆ ఏడు గాలులు ఎక్కువ, చేప తక్కువ. అమ్మకు కోపమొచ్చిందన్నారు. ఎందుకొచ్చిందని వెతికితే కొర్లమ్మ దొరికింది. అమ్మ కన్నీరు తన చెంగుతో తుడుచుకుపోయింది గనక ఊరికి అమ్మ దయ లేకుండా పోయిందన్నారు. ఆమెను గుడి దగ్గరకు రానివ్వలేదు. ఎవరూ ఆమె గంపలో చేపలు వేయలేదు. కొడుకు పోయిన మనిషికి తిండీ పోయింది.

ఈ కబురు మేలుపాక చేరింది. నూకాచారి మళ్లీ వెళ్లాడు. ఈసారి దాచలేదు. ఊరందరి ఎదుట ఎల్లాజీతో, "అది కన్నీరు కాదయ్యా. లక్క. నా చేత్తో నేను పెట్టాను. ఎండకి కరిగింది. ఆమె తప్పేమీ లేదు," అన్నాడు.

ఎల్లాజీ జాలిగా చూశాడు. "నీది మంచి మనసు ఆచారీ. దాన్ని గట్టెక్కిద్దామని ఇంత అబద్దం ఆడతన్నావు. నువ్వు సేసింది బొమ్మ. ఏడిసినాది అమ్మ. బొమ్మ సంగతి నీకు తెలుస్తాది గానీ అమ్మ సంగతి నీకేటి తెలుస్తాది?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఒకడు, "పోనీ ఆచారీ, సముద్రంలో ఉప్పు కూడా నువ్వే కలిపినావా?" అన్నాడు.

అప్పుడు తెలిసింది వాడికి. అబద్ధాన్ని ఒక పూటలో నమ్మినవాళ్లు నిజాన్ని అసలే నమ్మరు. కొర్లమ్మకు గంప నిండాలంటే ఒక్కటే దారి. ఉత్సవానికి ముందు విగ్రహాన్ని చింతపండుతో తోమి మెరుగు పెట్టాలి. ఆ పులికాపు విగ్రహం పోసిన చేత్తోనే జరగాలని ఆచారం. అప్పుడు తెర కడతారు. లోపల చేసినవాడూ విగ్రహమూ తప్ప మరెవరూ ఉండరు. నూకాచారి తెర వెనక్కి వెళ్లి, తల్లిని తోమి, గుంట నిండా లక్క పెట్టాడు. ఆ మధ్యాహ్నం తల్లి ఏడ్చింది. కొర్లమ్మను పిలిచి ముందు నిలబెట్టారు. ఆమె గంప మళ్లీ నిండింది.

ఆ తరవాత ప్రతి చైత్రానికీ వెళ్లాడు. ఒక్కసారి దాచడానికి పెట్టిన లక్క బతికినన్నాళ్లూ పెట్టవలసి వచ్చింది. పేరు కూడా పెరిగింది. ఎక్కడెక్కడినుంచో బళ్లు కట్టుకుని వచ్చి, మా ఊరి తల్లి కూడా ఏడవాలి, చేసిపెట్టండి బాబూ అని అడిగేవారు. నవ్వే ముఖం చేసిపెట్టమని ఒక్కడూ అడగలేదు. నూకాచారి ఇక ముఖాల పని మానేశాడు. గంటలు పోసేవాడు, చెంబులు పోసేవాడు, కుందులు పోసేవాడు. మైనం తగిలితే చాలు ముఖం చేసే ఆ చెయ్యి, ముఖం లేని పనులు చేస్తూ ముసలిదైపోయింది. మట్టి పగలగొట్టే రోజున మాత్రం పోతశాలలో ఉండేవాడు కాడు. ఎవరి బొమ్మ అయినా సరే, ఏటి ఒడ్డుకు వెళ్లిపోయేవాడు.

కొలిమి వెలుగు చూసి చూసి చివరికి వాడి కళ్లు పోయాయి. ఆ ఏడు పులికాపుకు సోమలింగాచారి గారే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లారు. చేసినవాడికి చూపు లేదు గనక తోడు రావచ్చని పెద్దలు ఒప్పుకున్నారు. తెర వెనక నూకాచారి తడుముకుంటూ తల్లిని తోమాడు. వేలితో గుంట వెతికి లక్క పెట్టాడు. పెట్టిన చెయ్యి తీయలేదు. ఆ వేలు గుంట దాటి చెంప మీదికి జరిగి అక్కడే నిలిచింది.

"సోమూ, నవ్వు ఉందిరా?"

"ఉంది."

"ఇన్నేళ్లలో ఎవరైనా అన్నారా, తల్లి నవ్వుతోందని?"

తెర బయట జనం కిక్కిరిసి ఉన్నారు. అందరికంటే ముందు కొర్లమ్మ గొంతు వినిపించింది. నడుం వంగిపోయిన ముసల్ది. "తెర తియ్యండి బాబూ. ఈ యేడు కూడా నా తల్లి ఏడుపు సూసుకుని పోతాను. మళ్లీ యేటికి ఉంటానో ఉండనో," అంటోంది.

నూకాచారి ఆ గొంతు వైపు ముఖం తిప్పాడు. ఆ నవ్వు ఎవరిదో వాడికి తెలుసు. ఆమెకు తెలియదు. వాడు చెప్పలేదు. తరవాతి చైత్రానికి వాడు లేడు.

సోమలింగాచారి గారు అక్కడికి ఆపారు. కొలిమిలో బొగ్గులు చిటపటలాడుతున్నాయి. గరిటెలో లక్క గడ్డకట్టింది. అప్పలాచారి తన బొమ్మ వైపు చూడడం లేదు. చిన్న గొంతుతో, "ఆ నవ్వు అంత బాగుండేదాండీ?" అని అడిగాడు.

గురువుగారు లేచి, సుత్తి తీసి, అప్పలాచారి పక్కన నేల మీద పెట్టారు.

"మన ఇంట్లో అంత నవ్వు మరెవరి చేతిలోనూ పుట్టలేదయ్యా. చూసినవాళ్లం మా గురువుగారూ, నేనూ. అదీ మైనంలో చూశాం. లోహంలో చూద్దామని ఎన్నిసార్లు వెళ్లినా నా కన్ను కూడా ఆ గుంట దగ్గరే ఆగిపోయేది."